మార్త్సాన్ ప్లాట్టెన్‌బావులు: కట్టడమే తప్పా? పిల్లలతో అక్కడ ఉండొచ్చా?

ఓరుగల్లుపిల్ల

అందరికీ నమస్కారం. మావారికి బెర్లిన్‌లో ఉద్యోగం వచ్చింది. ఐదు నెలలుగా ఇల్లు వెతుకుతున్నాం. ఎన్ని అప్లికేషన్లు పెట్టామో లెక్కే లేదు. చివరికి ఊరి తూర్పు అంచున మార్త్సాన్ అనే కాలనీలో మూడు గదుల ఫ్లాట్ ఇస్తామన్నారు. తూర్పు జర్మనీ కాలంలో కాంక్రీటు పలకలతో కట్టిన భవనం, ఇక్కడ వీటిని ప్లాట్టెన్‌బావు అంటారు. ఎనిమిదో అంతస్తు. ఊరి మధ్యలో మేం చూసిన రెండు గదుల ఇళ్ళకంటే అద్దె తక్కువ. సంతోషపడేలోపే టెన్షన్ మొదలైంది. ఆఫీసులో మావారు ఈ మాట చెప్పగానే ఒక జర్మన్ సహోద్యోగి మొహం అదోలా పెట్టి "మార్త్సానా?" అన్నాడట. ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగాను. ఒకాయన "అది కాంక్రీటు అడవి, తూర్పు జర్మనీ వాళ్ళు చేసిన పెద్ద తప్పు, పిల్లలతో వెళ్ళకండి" అన్నారు. ఇంకొకావిడ "మేం హాయిగా ఉన్నాం" అన్నారు. ఎవరి మాట నమ్మాలి?

అద్దె సంగతి పక్కన పెడితే, ఆ చోటు గురించి తెలుసుకోవాలని కూడా ఉంది. అంత పెద్ద కాలనీ ఎందుకు కట్టారు? నిజంగానే తప్పా? మాకు ఆరేళ్ళ పాప ఉంది. వచ్చే బుధవారంలోపు వాళ్ళకు మాట చెప్పాలి.

రింగులోపల

ఓరుగల్లుపిల్ల గారూ, నేను పద్నాలుగేళ్ళుగా బెర్లిన్‌లో ఉంటున్నాను. ఆ వాట్సాప్ పెద్దమనిషిని నేను కాదు గానీ, నా అభిప్రాయం కూడా ఇంచుమించు అదే.

మార్త్సాన్ ఊరు కాదు, ఒక లెక్క. ఇన్ని లక్షల ఇళ్ళు కట్టామని చూపించుకోవడానికి ఊరికి దూరంగా, ఒకే అచ్చులో పోసిన పదకొండంతస్తుల భవనాలను వరసగా నిలబెట్టుకుంటూ పోయారు. ఇంటి నంబరు చూసుకుంటే తప్ప మనది ఏ మెట్లదారో తెలీదు. మార్త్సాన్, దాని పక్కనే తరవాత కట్టిన హెల్లర్స్‌డోర్ఫ్, రెండూ కలిపి సుమారు లక్ష ఫ్లాట్లు. మనిషి నడిచి తిరిగే కొలతలో లేదు అది. క్రేన్ తిరిగే కొలతలో ఉంది. సాయంత్రం ఆరు దాటాక వీధిలో నిలబడి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది. కాస్త ఆగి, ఊరి లోపలే ఇంకో ఇల్లు చూసుకోమని నా సలహా.

సిమెంటుసంచి

క్రేన్ మాట అక్షరాలా నిజం. దాని గురించి చెప్తాను. ముందు అసలు ఎందుకు కట్టారో చూద్దాం. నేను ద్రెస్డెన్‌లో సివిల్ చదివాను. ఇప్పుడు చేస్తున్న పని కూడా ఇలాంటి పాత భవనాలను బాగుచేయడమే.

1970ల మొదట్లో తూర్పు బెర్లిన్‌ని ఊహించుకోండి. యుద్ధం ముగిసి పాతికేళ్ళు దాటింది. ఇవాళ జనం ఎగబడి కొంటున్న ప్రెంజ్‌లావర్‌బెర్గ్ పాత ఇళ్ళున్నాయే, అప్పట్లో వాటిలో చాలావాటికి సొంత బాత్రూం లేదు. మెట్ల మలుపులో ఒక టాయిలెట్ ఉంటుంది, దాన్ని రెండు మూడు కుటుంబాలు వాడుకోవాలి. చలికాలం పొద్దున్నే సెల్లార్లోంచి బొగ్గు ఇటుకలు బకెట్లో మోసుకొచ్చి పొయ్యి రాజెయ్యాలి, నిన్నటి బూడిద ఎత్తి పొయ్యాలి. పెళ్ళయి పిల్లలు పుట్టినా అత్తగారింట్లోనో అమ్మగారింట్లోనో ఒక్క గదిలో సర్దుకున్న జంటలు బోలెడు. 1971లో హోనెకర్ తూర్పు జర్మనీని ఏలే పార్టీ పగ్గాలు పట్టాడు. 1990 నాటికి ఇళ్ళ సమస్య అన్నదే లేకుండా చేస్తామని 1973లో పార్టీ తీర్మానించింది. అంత తొందరగా, అన్ని ఇళ్ళు ఇటుక మీద ఇటుక పేర్చి కట్టలేరు. అందుకే పలకలు.

ఈ పద్ధతిలో గోడ మొత్తం ఫ్యాక్టరీలోనే తయారవుతుంది. అచ్చులో ఇనుము పరిచి, కిటికీకి చోటు వదిలి, కాంక్రీటు పోస్తారు. బయటి గోడ పలకలో మూడు పొరలుంటాయి: లోపల బరువు మోసే కాంక్రీటు, మధ్యలో చలి ఆపే పొర, బయట వానకు తట్టుకునే పలచటి కాంక్రీటు. ట్రైలర్ మీద తెచ్చి క్రేన్‌తో ఎత్తి నిలబెట్టి, ఇనుప కొక్కేలను వెల్డింగ్ చేసి, సందుల్లో కాంక్రీటు నింపుతారు. బాత్రూం అయితే పైపులతో సహా పెట్టెలాగా తయారై వచ్చేది. దాన్ని పైనుంచి దించి, చుట్టూ ఇల్లు బిగించేవాళ్ళు. వీటిలో అన్నిటికంటే ఎక్కువగా కట్టిన నమూనా పేరు డబ్ల్యూబీఎస్ 70. దాని మొదటి భవనం 1973లో నాయ్‌బ్రాండెన్‌బుర్గ్ అనే ఊళ్ళో లేచింది. ఒక్కో పలక బరువు 6.3 టన్నులు దాటకూడదని నియమం.

ఇక క్రేన్ సంగతి. ఆ క్రేన్లు పట్టాల మీద నడిచేవి. పట్టా వేశాక దాని పొడవునా ఎన్ని భవనాలు వీలైతే అన్ని కట్టుకుంటూ పోతేనే గిట్టుబాటు. వంపు తిప్పాలంటే ఖర్చు. మార్త్సాన్ వీధులు అంత పొడుగ్గా, తిన్నగా ఉండటానికి ఇదొక పెద్ద కారణం. ప్రధాన వాస్తుశిల్పి హైన్జ్ గ్రాఫుండర్ తెలివితక్కువవాడేం కాదు. ఊరి నడిమధ్య ఉండిన పాలస్ట్ డెర్ రెపుబ్లిక్ (తూర్పు జర్మనీ పార్లమెంటు భవనం) కట్టిన బృందానికి నాయకుడు ఆయనే. కానీ ఆయన చేతికిచ్చిన అచ్చులు కొన్నే.

1977లో పని మొదలైంది, ఆ ఏడాది డిసెంబరులోనే మొదటి కుటుంబాలు దిగాయి. 1979 జనవరిలో మార్త్సాన్ ఒక ప్రత్యేక జిల్లా అయింది. మధ్యలో, 1978 జులై 6న, హోనెకర్ స్వయంగా వచ్చి ఇక్కడే ఒక కుటుంబానికి దేశంలో పది లక్షలవ ఇల్లు అప్పగించాడు. అంటే రింగులోపల గారు చెప్పిన "లెక్క చూపించుకోవడం" కూడా నిజమే. అయితే లెక్క కోసం కట్టిన ఇంట్లోనైనా కుళాయి తిప్పితే వేడినీళ్ళు వచ్చాయి. ఆ సంగతి మరిచిపోతే ఈ చర్చ ముందుకు పోదు.

గోదారిగట్టు

నేను మార్త్సాన్‌లో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను. మా ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టారు. పుస్తకాల్లో చదివింది కాదు, ఇంట్లో ఉండి చూసింది రాస్తాను.

మేం దిగిన వారం దేవుడి పటం తగిలిద్దామని మావారు మామూలు డ్రిల్ పెట్టారు. అర సెంటీమీటరు దిగి ఆగిపోయింది. బిట్టు ఎర్రగా కాలింది తప్ప గోడ చలించలేదు. అరగంట అలా కుస్తీ పట్టేసరికి తలుపు చప్పుడైంది. ఎదురింటి పెద్దావిడ. గోల చేస్తున్నామని తిట్టడానికి వచ్చిందనుకుని నేను ముందే సారీ చెప్పాను. ఆవిడ చేతిలో పాత సూట్‌కేసు లాంటిది ఉంది. తెరిస్తే హ్యామర్ డ్రిల్. చనిపోయిన వాళ్ళాయనదట. "ఈ గోడకు ఇదొక్కటే పనికొస్తుంది. మా ఆయన ఈ మెట్లదారిలో అందరి ఇళ్ళకూ కన్నాలు పెట్టాడు" అంది. ఆ రోజు టీ ఇచ్చాను, ఆవిడ రెండు గంటలు కూర్చుంది.

ఆవిడకు ఆ ఫ్లాట్ 1979లో వచ్చింది. అంతకుముందు ఫ్రీడ్రిష్‌హైన్‌లో ఒక గది, వంటిల్లు. ఇద్దరు పిల్లలు. ఇక్కడికి వచ్చిన మొదటి సాయంత్రం పిల్లలిద్దర్నీ తొట్టిలో కూర్చోబెట్టి, నీళ్ళు చల్లబడినప్పుడల్లా మళ్ళీ వేడినీళ్ళు వదులుతూ కూర్చుందట. బొగ్గు అక్కర్లేదు, బూడిద లేదు. ఆ మాట చెప్తున్నప్పుడు నలభై ఏళ్ళ తరవాత కూడా ఆవిడ మొహం వెలిగిపోయింది. బయట మాత్రం బురదే. ఇళ్ళు లేచాయి గానీ దార్లు పడలేదు. అందరూ రబ్బరు బూట్లతో స్టేషన్ దాకా వెళ్ళి, అక్కడ మామూలు చెప్పులు వేసుకుని, బురద బూట్లు సంచిలో పెట్టుకుని రైలెక్కేవాళ్ళట. భవనం ముందున్న చెట్లు ఆ మెట్లదారి జనం శనివారాలు కలిసి నాటినవి. ఇప్పుడవి మా అంతస్తును దాటిపోయాయి. జూన్‌లో కిటికీ తెరిస్తే ఆకులే కనిపిస్తాయి. దీన్ని కాంక్రీటు అడవి అనేవాళ్ళు ఒక్కసారి వేసవిలో రావాలి.

కష్టాలు లేవని చెప్పను. వంటిల్లు చిన్నది, మా ఇంట్లో దానికి కిటికీ కూడా లేదు. ఇంగువ పోపు పెడితే గాలి గొట్టంలోంచి పై అంతస్తుల దాకా వాసన వెళ్తుంది. ఎవరో ఎక్కడో మేకు కొడితే మనింట్లోనే కొట్టినట్టు వినిపిస్తుంది. లిఫ్టు ఒకసారి పదకొండు రోజులు చెడిపోయింది. అప్పుడు నేను ఏడో నెల గర్భిణిని. ఆ పదకొండు రోజులు ఇప్పటికీ గుర్తున్నాయి. ఎన్నిసార్లు ఫోన్ చేసినా "మెకానిక్ వస్తాడు" అన్నారే తప్ప ఎవరూ రాలేదు. కానీ చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంటుంది. పిల్లల బడికి రోడ్డు దాటకుండా నడిచి వెళ్ళొచ్చు. నేను ఇక్కడ బతికాను, భయపడుతూ కాదు.

రింగులోపల

గోదారిగట్టు గారూ, మీ పెద్దావిడ సంగతి చదివి నాకూ మనసు కదిలింది. కానీ ఒక మనిషి సంతోషం, ఒక విధానం తప్పొప్పులు వేరు వేరు. మూడు విషయాలు చెప్తాను.

మొదటిది, ఆ వేడినీళ్ళకు మూల్యం ఎవరు చెల్లించారు? సిమెంటు, ఇనుము, మనుషులు అన్నీ ఊరి బయటి పలకలకు పోతే పాత ఊళ్ళు కూలిపోయాయి. కప్పు కారితే వేయడానికి పెంకు దొరికేది కాదు. పై అంతస్తు పాడైతే కింది అంతస్తులోకి దిగి ఉండేవాళ్ళు. "ఆయుధాలు లేకుండానే శిథిలాలు చేస్తున్నాం" అని తూర్పు జర్మనీ జనమే చెప్పుకునేవాళ్ళు. "ఆయుధాలు లేకుండానే శాంతి" అన్న శాంతి ఉద్యమ నినాదాన్ని తిప్పి అన్న మాట అది. సిమెంటుసంచి గారు వర్ణించిన ఆ పాత ఇళ్ళు అంత అధ్వాన్నంగా ఎందుకున్నాయి? వాటికి మరమ్మతు చేయలేదు కాబట్టి. ముందు వాటిని వదిలేసి, తరవాత వాటిని చూపించి కొత్తవి కట్టడం సరైన పనేనా?

రెండోది, అప్పట్లో ఇల్లు కావాలంటే దరఖాస్తు పెట్టుకుని ఏళ్ళ తరబడి చూడాలి. ఎవరికి ముందు ఇవ్వాలో ప్రభుత్వమూ ఫ్యాక్టరీలూ నిర్ణయిస్తాయి. అద్దె చవకే, కానీ ఆ తాళంచెవి కోసం మనిషి ఎంత ఒదిగి ఉండాల్సొచ్చిందో కూడా లెక్కలోకి రావాలి.

మూడోది, మీకు రాయడం ఇష్టం లేకపోయినా నేను రాయాలి. పిల్లతో వెళ్తున్న ఒక తెలుగు కుటుంబం అడుగుతోంది కాబట్టి. 1992 ఏప్రిల్ 24న మార్త్సాన్‌లో ఒక వియత్నాం యువకుణ్ణి వీధిలో ఒక రైట్‌వింగ్ తీవ్రవాది పొడిచి చంపాడు. ఆ వీధిలో స్మారక శిల ఉంది. 2025 ఫెడరల్ ఎన్నికల్లో ఈ జిల్లా సీటు వలసలను వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీ గెలిచింది. రంగు వేరైనవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

గోదారిగట్టు

మూడోది నేను దాచలేదు. ఇంకా రాయలేదంతే. మీరు రాసినందుకు కోపం లేదు, అది తెలియాల్సిన విషయమే.

తొమ్మిదేళ్ళలో రెండుసార్లు నన్ను ట్రామ్‌లో తాగిన మనుషులు మాటలన్నారు. ఒకసారి తోటి ప్రయాణికురాలు లేచి నా పక్కన కూర్చుంది, ఒకసారి ఎవరూ కదల్లేదు. ఆ రెండోది గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఓట్ల లెక్క చూసిన రోజు మెట్లలో ఎదురైన ప్రతి ఒక్కరినీ చూసి "వీళ్ళా?" అనుకున్నాను. అలా అనుకోవడం నాకే నచ్చలేదు. మా మెట్లదారిలోనే వియత్నాం కుటుంబం ఉంది. 1990ల్లో సోవియట్ దేశాల నుంచి వచ్చిన, రష్యన్ మాట్లాడే జర్మన్ కుటుంబాలు నాలుగున్నాయి. సిరియా నుంచి వచ్చినవాళ్ళున్నారు. పిల్లలందరూ ఒకే ఇసుక గుంటలో ఆడతారు. రెండూ నిజమే. ఓరుగల్లుపిల్ల గారు రెండూ తెలుసుకుని నిర్ణయించుకోవాలి. పాపకు మాత్రం ఇక్కడ ఒంటరితనం ఉండదు.

డబుల్‌బెడ్‌రూం

అన్నలూ అక్కలూ, నేను హైదరాబాద్ నుంచి రాస్తున్నా. జర్మనీ చూడలేదు. కానీ ఈ చర్చ చదువుతుంటే మా ఇంటి సంగతే రాసినట్టుంది.

మాది బస్తీ. రేకుల ఇల్లు, వానొస్తే మంచం మీద బకెట్లు. ఊరి బయట పెద్ద కాలనీలో ప్రభుత్వం మాకు డబుల్ బెడ్‌రూం ఇల్లు ఇచ్చింది. ఊరూ పేరూ రాయను. తాళంచెవి చేతికి వచ్చిన రోజు మా అమ్మ బాత్రూంలో టైల్స్ మీద చెయ్యి పెట్టి నిమురుకుంటూ నిలబడింది. మీ జర్మన్ పెద్దావిడ కథ చదివి నాకు అదే గుర్తొచ్చింది. కానీ అమ్మ పని చేసే నాలుగిళ్ళూ మేం ముందున్న బస్తీ పక్కనే. పొద్దున్నే ఐదింటికి బయలుదేరి రెండు బస్సులు మారాలి. బస్సు తప్పితే షేర్ ఆటోకు ఆ రోజు సంపాదనలో సగం పోతది. ఆరు నెలలకు రెండిళ్ళ పని పోయింది. లేటుగా వస్తున్నావని మాన్పించారు. మా బ్లాకులో కొందరు తాళం వేసి మళ్ళీ బస్తీలో అద్దెకు దిగారు. ఇల్లు బాగుంది, బతుకుతెరువు దూరమైంది.

నాకు తెలుసుకోవాలనుంది. మార్త్సాన్ జనం పనికి ఎలా పోయేవాళ్ళు?

సిమెంటుసంచి

తమ్ముడూ, ఈ థ్రెడ్‌లో అసలు ప్రశ్న నువ్వు అడిగావు.

మార్త్సాన్ స్టేషన్‌కు లోకల్ రైలు 1976 డిసెంబరు 30న వచ్చింది. మొదటి కుటుంబాలు దిగింది 1977 డిసెంబరులో. అంటే మనుషులకంటే ఏడాది ముందే రైలు వచ్చి ఎదురుచూసింది! కాలనీ ఉత్తరానికి పెరిగినకొద్దీ పట్టాలు కూడా పెరిగాయి. 1982 చివరికి ఆరెన్స్‌ఫెల్డె దాకా వెళ్ళాయి. ఇవాళ ఎస్7 అనే లోకల్ రైలు ఎక్కితే మార్త్సాన్ నుంచి ఊరి నడిబొడ్డున ఉన్న అలెగ్జాండర్‌ప్లాట్జ్‌కు అరగంట కూడా పట్టదు. గోదారిగట్టు గారి ఎదురింటావిడ బురద బూట్లు మార్చుకున్నది స్టేషన్‌లోనే కదా. దారి పడకముందే స్టేషన్ ఉంది.

దాంతోపాటు ఇన్ని ఇళ్ళకు ఇంత అని లెక్కగట్టి బడి, శిశువిహారం, కిరాణా, ఆసుపత్రి కూడా ఒకే ప్లాన్‌లో వేశారు. అన్నీ అనుకున్న వేళకు లేవలేదు, మొదట్లో దుకాణం కోసం చాలా తిరిగేవాళ్ళు. కానీ ప్లాన్‌లో స్థలం వాటి పేరున ఉంది. ఇంకోడెవడో వచ్చి దాన్ని ఆక్రమించలేదు.

మన దగ్గర హైదరాబాద్ పక్కన కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీ చూడండి. 2023 జూన్‌లో ప్రారంభించారు, ఒక్కచోటే 15,660 ఇళ్ళు. లెక్కలో మార్త్సాన్ కుటుంబానికే చెందుతుంది. ఆంధ్రలో టిడ్కో ఇళ్ళు షేర్‌వాల్ పద్ధతిలో కట్టారు. అక్కడ పలకలు తెచ్చి నిలబెట్టరు, అల్యూమినియం అచ్చులు బిగించి గోడనూ శ్లాబునూ సైట్‌లోనే పోస్తారు. ఫలితం దాదాపు ఒకటే, మేకు దిగని కాంక్రీటు గోడ. కానీ టిడ్కోలో ఇళ్ళు 300, 365, 430 చదరపు అడుగులు. హెల్లర్స్‌డోర్ఫ్‌లో ఒక డబ్ల్యూబీఎస్ 70 ఫ్లాట్‌ను అప్పటి సామానుతో మ్యూజియంలా ఉంచారు. మూడు గదులు, 61 చదరపు మీటర్లు, అంటే దాదాపు 650 అడుగులు. పేదవాడికి ఇవ్వాల్సిన ఇల్లు ఎంత ఉండాలన్నదాంట్లో మనకంటే వాళ్ళు ఉదారంగా ఆలోచించారనే నేను నమ్ముతాను.

రింగులోపల గారూ, పాత ఊళ్ళను వదిలేశారన్న మీ మాటకు నా దగ్గర జవాబు లేదు. అది తప్పే. ద్రెస్డెన్‌లో చదివేటప్పుడు పాత ఫొటోలు చూశాను, కప్పులో చెట్లు మొలిచిన ఇళ్ళు. కానీ అది ఊరి లోపల చేయని పని. ఊరి బయట చేసిన పని తప్పని దానివల్ల తేలదు.

పలకల ఇళ్ళు కూలిపోతాయన్న భయం ఎవరికైనా ఉంటే అదీ రాసేస్తాను. 1968 మే 16న లండన్‌లో రోనన్ పాయింట్ అనే పలకల భవనంలో గ్యాస్ పేలి ఒక మూల మొత్తం పైనుంచి కిందికి జారిపోయింది. నలుగురు చనిపోయారు. అక్కడ దెబ్బతీసింది పలక కాదు, పలకకూ పలకకూ మధ్య కట్టు. ఆ తరవాత బ్రిటన్ నిబంధనలు మార్చింది, ఈ రంగంలో అందరూ కీళ్ళ మీద దృష్టి పెట్టారు. మార్త్సాన్ భవనాల కీళ్ళలో నేను చూసిన జబ్బు ఒక్కటే. సందుల్లోంచి నీళ్ళు దిగడం. 1990ల్లో చాలా భవనాలకు బయట ఇన్సులేషన్ తొడిగి, రంగులు వేశాక అదీ తగ్గింది.

ఎస్7ప్యాసింజర్

అక్కా, నేను స్టూడెంట్‌ని, ముగ్గురం కలిసి స్ప్రింగ్‌ఫూల్ స్టేషన్ దగ్గర ఫ్లాట్‌లో ఉంటున్నాం. రింగులోపల అన్న చెప్పిన సాయంత్రం సంగతి ఒప్పుకుంటా. ఎనిమిది దాటితే కాఫీ తాగే చోటు కూడా ఉండదు. ఇక్కడి చౌరస్తాలో సోయుజ్ అని సినిమా హాలు ఉండేది, 2007లో మూతపడింది. కానీ పాపకు ఆ ఏడుపు ఉండదు కదా. కింద నుంచే పార్కులు. గార్డెన్స్ ఆఫ్ ద వరల్డ్ ఉంది, బెర్లిన్ 750 ఏళ్ళ పండగకు 1987లో వేసిన తోట. ఇప్పుడు చైనా, జపాన్, బాలి తోటలున్నాయి. 2017 నుంచి రోప్‌వే కూడా ఉంది. మా అమ్మానాన్న వచ్చినప్పుడు బెర్లిన్ గోడకంటే దాన్నే ఎక్కువసేపు చూశారు.

ఇంకోటి. భవనాల మధ్యలో పాత మార్త్సాన్ పల్లె అలాగే ఉంది. చర్చి, రాళ్ళ దారి, గాలిమర. ఆ గాలిమర పక్కన నిలబడి తలెత్తితే వెనక పద్దెనిమిదంతస్తుల ఇళ్ళు. మొదటిసారి చూసినప్పుడు ఏ శతాబ్దంలో ఉన్నానో అర్థం కాలేదు.

రింగులోపల

ఆ పల్లె పేరు 1300 నాటి పత్రంలోనే ఉంది. దాని చరిత్రలో చీకటి కూడా ఉంది. 1936 ఒలింపిక్స్‌కు ముందు నగరం శుభ్రంగా కనపడాలని నాజీలు బెర్లిన్‌లోని సింతీ, రోమా (జిప్సీలని పిలిచేవాళ్ళు) కుటుంబాలను పట్టుకొచ్చి మార్త్సాన్‌లో, మురుగునీళ్ళు వదిలే పొలాల పక్కన, క్యాంపులో పడేశారు. తరవాత అక్కడి నుంచి చాలామందిని ఆష్‌విట్జ్ మరణశిబిరానికి పంపారు. మార్త్సాన్ చరిత్ర 1977లో మొదలైందని ఎవరూ అనుకోకూడదని రాస్తున్నాను.

ఇప్పుడు సిమెంటుసంచి గారికి నా ప్రశ్న. అంత బాగా కట్టి ఉంటే ఎందుకు కూల్చారు? బెర్లిన్ గోడ పడ్డాక జనం ఎందుకు వెళ్ళిపోయారు?

సిమెంటుసంచి

వెళ్ళిపోవడానికి కారణాలు చాలా. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. డబ్బున్నవాళ్ళు ఊరి బయట సొంతిల్లు కట్టుకున్నారు. ఇంకొకటి, దీని గురించి ఎక్కువమంది మాట్లాడరు. ఇళ్ళు ఇచ్చేటప్పుడు పిల్లలున్న యువజంటలకు ముందు ఇచ్చారు. అందుకని ఒక వీధి మొత్తం ఒకే వయసు. 1980ల్లో శిశువిహారాలు చాల్లేదు. 1990ల్లో వీధినిండా పదిహేనేళ్ళ పిల్లలు. ఆ పిల్లలు పెరిగి ఒకేసారి ఇల్లు వదిలారు. బడులు ఖాళీ అయ్యాయి, వాటిలో చాలా కూల్చేశారు. మనూళ్ళలో ఉద్యోగుల కాలనీలు చూడండి, అందరూ ఒకేసారి రిటైరై, పిల్లలందరూ అమెరికాలో ఉండి, వీధంతా వాచ్‌మన్లే మిగిలినట్టు.

అప్పుడు 2003 నుంచి 2005 వరకు ఆరెన్స్‌ఫెల్డె దగ్గర పదకొండంతస్తుల భవనాలను పైనుంచి పలక పలకా విప్పి, మూడు నుంచి ఆరు అంతస్తులకు దించారు. మిగిలిన వాటికి పెద్ద బాల్కనీలు, మిద్దె తోటలు పెట్టారు. చూడ్డానికి చాలా బాగుంటాయి, నేను కూడా అక్కడికి విద్యార్థులను తీసుకెళ్ళాను. కానీ 1,670 ఫ్లాట్లున్న చోట మిగిలినవి 447. పదేళ్ళు తిరక్కుండా బెర్లిన్‌లో ఇళ్ళ కరువు వచ్చింది. ఓరుగల్లుపిల్ల గారు ఐదు నెలలుగా వెతుకుతున్న ఇల్లు ఆ విప్పేసిన వాటిలో ఒకటి కావచ్చు. నన్నడిగితే మార్త్సాన్ విషయంలో జరిగిన పెద్ద తప్పు కట్టడం కాదు, తొందరపడి విప్పడం.

రింగులోపల

అప్పుడు ఖాళీ ఫ్లాట్లు వేలల్లో ఉన్నాయి. ఇల్లు ఖాళీగా ఉన్నా లిఫ్టు, హీటింగ్ ఖర్చు ఆగదు. తూర్పు జర్మనీ నాటి అప్పులు కూడా ఆ గృహ సంస్థల నెత్తినే పడ్డాయి. ఆ స్థితిలో ఇంకేం చేస్తారు? ఇరవై ఏళ్ళ తరవాత తెలిసినదాంతో అప్పటివాళ్ళను తప్పుపట్టడం న్యాయం కాదు.

సిమెంటుసంచి

అదే న్యాయం 1973 నాటి వాళ్ళకూ ఇవ్వండి మరి.

రింగులోపల

ఇస్తాను, కొంతవరకు. ఆ 1973 వాళ్ళను ఎన్నికల్లో దించే హక్కు జనానికి లేదు, 2003 వాళ్ళను దించే హక్కు ఉంది. ఆ తేడా నాకు ముఖ్యం. నా అభిప్రాయం మారలేదు. కానీ ఓరుగల్లుపిల్ల గారూ, రైలు ముందు వచ్చిందన్న సంగతి నాకు ఇప్పటిదాకా తెలీదు. "దూరం" అని నేను మొదట రాసింది వెనక్కి తీసుకుంటున్నాను.

డబుల్‌బెడ్‌రూం

సిమెంటుసంచి అన్నా, మా కాలనీ వాళ్ళం బస్సు కోసం అర్జీ పెడుతున్నాం. ఇళ్ళు ఇవ్వడానికి ఏడాది ముందే రైలు వేసిన ఊరు ఉందని అందులో రాయొచ్చా? ఆ తేదీలు పక్కానా?

సిమెంటుసంచి

పక్కా. 1976 డిసెంబరు 30, 1977 డిసెంబరు. రాయి తమ్ముడూ. అర్జీ రాశాక ఇక్కడ పెట్టు, భాష నేను చూస్తాను.

ఓరుగల్లుపిల్ల

అందరికీ పేరుపేరునా థాంక్స్. నిన్న మేం ముగ్గురం వెళ్ళి ఇల్లు చూసొచ్చాం. అలెగ్జాండర్‌ప్లాట్జ్ నుంచి టైం చూసుకుని బయలుదేరాం. ఇంటి తలుపు దగ్గరికి 34 నిమిషాలు పట్టింది, నడకతో కలిపి. వంటిల్లు నిజంగానే చిన్నది, మా అదృష్టం కొద్దీ కిటికీ ఉంది. మెట్లదారిలో పేర్లు చదివాను. జర్మన్ పేర్లు, రష్యన్ పేర్లు, ఒక వియత్నాం పేరు. లిఫ్టులో ఒకాయన మమ్మల్ని చూసి పలకరించకుండా నేల చూపులు చూశాడు. ఇంకొకావిడ పాప జడ చూసి ఎవరు వేశారని అడిగింది. పాప బాల్కనీలోంచి కదల్లేదు, కింద చెట్లలో ఉడుతను చూసిందట.

రింగులోపల గారూ, మీరు రాసిన మూడో విషయం మావారితో కూర్చుని చాలాసేపు మాట్లాడాను. భయం పూర్తిగా పోలేదు. అయినా తీసుకుంటున్నాం, మంగళవారం సంతకం. ఆ స్మారక శిల దగ్గరికి కూడా ఒకసారి వెళ్ళాలనుకుంటున్నాం.

గోదారిగట్టు గారూ, హ్యామర్ డ్రిల్ కొనాలా, అద్దెకు దొరుకుతుందా?

గోదారిగట్టు

కొనకండి. పెద్దావిడ పోయిన ఏడాది కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ ఆ సూట్‌కేసు మాకే ఇచ్చి వెళ్ళింది. మీరు దిగాక శనివారం మావారు పట్టుకొస్తారు. మధ్యాహ్నంలోపు కన్నాలన్నీ పెట్టేసుకుందాం, ఆదివారం ఇక్కడ డ్రిల్ పెట్టకూడదు. పటాలు ఎక్కడెక్కడ తగిలించాలో ముందే పెన్సిల్‌తో గుర్తులు పెట్టి ఉంచండి. భోజనం మా ఇంట్లో.